నాలుగు గింజలు

కెబొన్‌దువుర్, సుంబింగ్ కొండ, జావా
2 మార్చి 1986

కుస్మిని అక్కకి,

తుకిజాన్ రాస్తున్నాను. కొండ మీద చలి తగ్గలేదు, పొగాకు నారు పోయలేదు, మొక్కజొన్న అన్నం తింటూ అందరం బాగున్నాం అని మొదలుపెడదామని కూర్చున్నాను. బాగోలేం. అందుకని అదంతా వదిలేసి అసలు సంగతికి వస్తున్నాను.

రుమియాతి మెడలో గడ్డ పోయింది. పన్నెండేళ్ళు మోసిన గడ్డని మీ సెమరంగ్ ఆసుపత్రిలో మీ పెద్ద సర్జన్, ఆ సుబియక్తో డాక్టరు, ఒక్క పూటలో తీసిపారేశాడు. మెడ ఇప్పుడు పెళ్ళినాటి మెడలా ఉంది. కానీ కోసిన మూడో రోజు నుంచి పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నాయంటుంది. తర్వాత చేతులు పట్టేస్తాయి. వేళ్ళు నిటారుగా ఒకదానికొకటి అతుక్కుపోయి, బొటనవేలు అరచేతిలోకి దూరిపోతుంది. మంత్రసాని చెయ్యి పెట్టేటప్పుడు వేళ్ళు ఎలా పట్టుకుంటుందో అలాగ. నేను విప్పబోతే నా బలం చాలలేదు. నా బలం నీకు తెలుసు కదా, ఈ వాలు మీద నాకంటే జోరుగా పొగాకు తరిగేవాడు లేడు.

ఇంటికి పంపేముందే డాక్టరుకి చూపించాను. ఏమన్నాడో తెలుసా? "ఆడవాళ్ళ నరాల పిచ్చయ్యా ఇది. మొగుడు కాస్త ముద్దు చేస్తే అదే పోద్ది" అన్నాడు. చుట్టూ ఉన్న డాక్టర్లు పళ్ళికిలించారు. నేనూ నవ్వాను అక్కా. పెద్దాయన నవ్వితే మనం నవ్వాలి కదా అని నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఊళ్ళోవాళ్ళు దయ్యం పట్టిందంటున్నారు. మంత్రగాడు నల్లకోడి అడిగాడు. కోడి పోయింది, పట్టింది పోలేదు. నువ్వు ఆ ఆసుపత్రిలోనే ఉన్నావు, నీకేమైనా తెలిస్తే రాయి.

నీ తమ్ముడు
తుకిజాన్

*

సెమరంగ్
12 మార్చి 1986

తుకిజాన్‌కి,

ఉత్తరం అందగానే రాయలేదని కోప్పడకు. చూడకుండా రాయడం ఇష్టంలేక ఆగాను. ఇప్పుడు చూశాను.

ముందు చేయవలసింది చెబుతాను, మిగతాది తర్వాత చదువుకో. ఈ కాగితంతోపాటు మడిచి పెట్టిన చీటీ తీసుకుని పొద్దున్నే కింది ఊరి ఆరోగ్యకేంద్రానికి రుమియాతిని తీసుకెళ్ళు. నరంలోకి కాల్షియం సూది వేయమను, నెమ్మదిగా వేయమను. తర్వాత రోజూ మాత్రలు, జీవితాంతం. మంత్రగాణ్ణి గుమ్మం తొక్కనివ్వకు.

నేను చేసే పని నీకు తెలుసు. నువ్వు పొగాకు తరుగుతావు, నేను మైనంలో పోసిన మనిషి ముక్కలు తరుగుతాను. నీ తరుగు వెంట్రుకంత సన్నమని గొప్పలు పోతావు, నాది అందులో పదోవంతు కూడా ఉండదు. ఆ పొరని గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తేలనిచ్చి, ముడత పోయాక గాజు పలక మీదికి ఎత్తి రంగులు పట్టిస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే. ఇక్కడ కోసిన ప్రతి గడ్డా నా దగ్గరికే వస్తుంది, చూడవలసిన ముక్కలు తీశాక మిగిలింది మూడు నెలలు మందునీళ్ళ సీసాలో ఉంటుంది. రుమియాతి గడ్డా ఉంది. దాన్ని బయటికి తీసి వెనక్కి తిప్పి చూశాను.

థైరాయిడ్‌ని సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ గుండ్రటి గదులు. ఒక్కో గది చుట్టూ ఒకే వరుస కణాలు గోడ కట్టి ఉంటాయి, లోపల గులాబిరంగు జిగురు. అదే నిల్వ సరుకు. కావలసినప్పుడు గోడలోని కణాలు ఆ జిగురుని పీల్చుకుని మందుగా మార్చి నేరుగా రక్తంలోకి వదులుతాయి, లాలాజలంలా దానికి వేరే గొట్టం లేదు. మన కొండ మట్టిలో అయొడిన్ లేక ఆ గదులు ఉబ్బిపోతాయి, మనకి గడ్డలు అందుకే. దాని వెనకవైపు, నాలుగు మూలలా, నాలుగు గింజలుంటాయి. బియ్యపు గింజకంటే కాస్త పెద్దవి. పారాథైరాయిడ్ అంటారు. వాటిలో గదులూ లేవు, జిగురూ లేదు. చిన్న కణాలు సంతలో జనంలా కిక్కిరిసి ఉంటాయి, మధ్యమధ్య కొవ్వు చుక్కలు. అవి చేసేది ఒకటే పని, రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటం. నాలుగింట్లో ఒక్కటి మిగిలినా మనిషి నెట్టుకొస్తాడు. నాలుగూ పోతే నరాలు నిలవలేవు, చేతులు రుమియాతి చేతుల్లా అవుతాయి.

సీసాలో గడ్డ వెనక నాలుగూ ఉన్నాయి, తమ్ముడూ. నాలుగూ కోసి, రంగు వేసి, నా కళ్ళతో చూశాను. డాక్టర్ సుబియక్తో ఒక్కటీ వదల్లేదు. వెనకంతా శుభ్రంగా ఊడ్చెయ్యడం ఆయన గొప్ప, శిష్యులకి అలాగే నేర్పుతాడు.

దయ్యమూ కాదు, నరాల పిచ్చీ కాదు. ఇది ఎవరితోనూ అనకు. మా డాక్టర్ విందర్తి స్లైడ్లు చదివి నివేదిక రాసే మనిషి, ఆవిడ చేత పద్ధతి ప్రకారం రాయిస్తాను. నన్ను నా దారిన పోనివ్వు.

రుమియాతి చేతులు నిమిరానని చెప్పు.

అక్క

*

కెబొన్‌దువుర్
30 మార్చి 1986

అక్కకి,

నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి. సూది ఇంకా నరంలో ఉండగానే రుమియాతి వేళ్ళు విచ్చుకున్నాయి. ఆరోగ్యకేంద్రం నర్సు నోరు తెరిచి చూసింది. రుమియాతి అయితే చెయ్యి మూస్తూ తెరుస్తూ, మూస్తూ తెరుస్తూ, బస్సులో ఇంటిదాకా అదే పని. ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. అప్పుడప్పుడు పెదవి చిమచిమలాడుతుందిగానీ తడికల మీద పొగాకు పరచగలదు. నీ పేరు చెప్పుకుని ఏడ్చింది.

ఇక రెండో సంగతి. నువ్వు మెచ్చుకుంటావు. పోయిన మంగళవారం సెమరంగ్ వచ్చాను. నీకు ఆ రోజు సెలవట. నేరుగా ఆ పెద్ద సర్జన్ రోగుల్ని చూసే గదిలోకి వెళ్ళాను. నలభైమంది బల్లల మీద కూర్చుని ఉన్నారు. అందరి ముందూ అడిగాను. "నా పెళ్ళాం మెడలో నాలుగు గింజలు ఎవడికి అమ్ముకున్నావయ్యా? ఎంతకి అమ్మావు? మా అక్క భూతద్దంలో చూసింది, నాలుగూ లెక్క చూసి మరీ చెప్పింది, కుస్మిని తమ్ముణ్ణి నేను!" అన్నాను. కాపలావాళ్ళు మెడ పట్టి గెంటారు. అయితేనేం, ఆయన మొహం అన్నం మాడిన గిన్నెలా అయింది. అది చూడటానికి వంద గెంటులైనా తినొచ్చు.

పట్నం డాక్టర్లు ఒంట్లోవి తీసి అమ్ముకుంటారని లారీ డ్రైవర్లు చెబితే నమ్మేవాణ్ణి కాదు.

తుకిజాన్

*

సెమరంగ్
5 మే 1986

తుకిజాన్,

అమ్ముకున్నాడని నీకెవరు చెప్పారు? నేను రాశానా? గడ్డతోపాటు వచ్చేశాయి, సీసాలో ఉన్నాయి అని రాశాను. ఎవరితోనూ అనకు అని కూడా రాశాను. రెండూ చదవలేదా? లేక ఎప్పటిలాగే మొదటి పేజీ చదివి కత్తి వెతుక్కున్నావా?

ఏం చేశావో విను. నెలకో శనివారం ఆసుపత్రి పెద్దలంతా కూర్చుని స్లైడ్లు చూస్తారు. నేను తెర మీద వేస్తాను, మాట్లాడను. మొన్న మూడో తేదీన రుమియాతి స్లైడు వేశాను. డాక్టర్ విందర్తి నోరు తెరిచేలోపే సుబియక్తో లేచాడు. "ఈ ముక్క నా రోగిది కాదు. ఆ వారం కుస్మిని విద్యార్థుల కోసం పారాథైరాయిడ్ స్లైడ్లు కోస్తోంది. తొట్టి తుడవలేదు. పాత ముక్క తేలుతూ వచ్చి ఈ పలక ఎక్కింది" అన్నాడు.

మా పనిలో అలా జరుగుతుంది, లేదనను. ఒక గ్రంథి పొర తొట్టిలో మిగిలిపోయి మరొకరి స్లైడు మీదికి ఎక్కుతుంది. అజాగ్రత్త మనుషులకి జరుగుతుంది. నేను ఒక్కో రోగి ముక్కకీ నీళ్ళు మారుస్తాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క ముక్కా అలా తేలి రాలేదు.

"ముక్క పోసిన మైనం బ్లాకు నా దగ్గరే ఉంది డాక్టరుగారూ. కొత్త నీళ్ళతో మీ ముందే మళ్ళీ కోస్తాను" అన్నాను. ఆ గదిలో నేను మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన నా వైపు చూడనైనా లేదు. "అక్కా తమ్ముడూ కలిసి నా గది ముందు నాటకం ఆడారు, ఇది రెండో అంకం" అన్నాడు. నవ్వులు. విందర్తిగారికి ఇంకా రెండేళ్ళలో పింఛను. ఆవిడ "చిత్తం" అంది. అందరూ చిత్తం అన్నారు. మనం జావా వాళ్ళం కదా, పెద్దవాడు పగటిని రాత్రి అంటే చిత్తం అనే నోరు మనది.

తర్వాత నా చేత కాగితం రాయించారు. "నా తొట్టి అశుభ్రత వలన అన్యుల ముక్క కలిసి ఉండవచ్చు" అని. సంతకం పెట్టాను. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. కోత యంత్రం తాళం లాక్కున్నారు. ఇప్పుడు సీసాలు కడుగుతున్నాను, విద్యార్థుల పెట్టెలు సర్దుతున్నాను.

నేను వాణ్ణి వదలను. ఎలాగో తెలియదు. ఎన్నేళ్ళు పట్టినా సరే. ఇది కోపంలో రాస్తున్న మాట కాదు, రెండు రోజులు ఆగి చల్లగా కూర్చుని రాస్తున్నాను.

కుస్మిని

*

కెబొన్‌దువుర్
19 జూన్ 1986

అక్కకి,

నావల్ల నీకు ఇంత జరిగిందని తెలిసి మూడు రోజులు అన్నం సయించలేదు. తిన్నాను, సయించలేదు. నువ్వు ఊఁ అంటే వచ్చి ఆ సుబియక్తో చెయ్యి నా తరుగుడు పీట మీద పెడతాను. జైల్లో కూడా పొగాకు దొరుకుతుందట.

రుమియాతి ఎండు చేపలు పంపమంది, పంపాను. అవి ముళ్ళతో సహా నమిలితే తనకి బాగుంటోందట, నీకూ బలమట.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. నువ్వు సంతకం పెట్టావు కదా. ఉత్తినే సంతకం పెట్టే మనిషివి కాదు నువ్వు. నిజంగా తొట్టిలో ఏదైనా మిగిలిపోయిందా? అయితే నేను అనవసరంగా ఆయన మీద అరిచానేమోనని.

తుకిజాన్

*

సెమరంగ్
1 జూలై 1986

తుకిజాన్,

నీ పెళ్ళాం చెయ్యి సూదికి విచ్చుకోవడం నీ కళ్ళతో చూశావు. అయినా అడిగావు.

చేపలు అందాయి. ఇక నువ్వు రాయకు, నేనే రాసేదాకా.

కుస్మిని

*

సెమరంగ్
9 ఫిబ్రవరి 1987

తమ్ముడికి,

ఏడు నెలలు మాట్లాడకుండా ఉండి ఇప్పుడు ఉన్నట్టుండి రాస్తే ఆశ్చర్యపోతావు. రాయకుండా ఉండలేకపోయాను. కూర్చుని చదువు. రెండు పేజీలూ చదువు.

నవంబరులో నా స్థానంలో వచ్చినమ్మాయి కాన్పుకి వెళ్ళింది. కోసేవాళ్ళు లేక తాళం తిరిగి నాకే ఇచ్చారు, తాత్కాలికమని. జనవరి ఆఖర్లో ఒక చిన్న సీసా వచ్చింది. మీద పేరు చూసి కుర్చీలో కూర్చుండిపోయాను. సుబియక్తో. వాడి మెడలోనే గడ్డ. వాడి శిష్యుడు ప్రియో అని ఉన్నాడు, అతను ముక్క తీసి పంపాడు.

ఆ ముక్క నా అరచేతిలో ఉంది, తుకిజాన్. నా పక్క అరలో పది రకాల క్యాన్సర్ బ్లాకులున్నాయి. ఏదో ఒకటి కోసి, పొర తొట్టిలో వదిలితే చాలు. నా తొట్టి మురికిదని వాడే ఊరంతా చాటాడు. నా కళ్ళలో అదే తిరిగింది, దాచను. కానీ నీళ్ళు మార్చాను. రెండుసార్లు మార్చాను. వాడి మీద ప్రేమతో కాదు. నా తొట్టి వాడి కోసం ఎందుకు మురికి చేసుకోవాలి?

స్లైడు చూశాను. గుండ్రటి గదులు లేవు. ఫెర్న్ ఆకుల్లా కొమ్మలు కొమ్మలుగా పెరిగింది, కణాల నడిభాగాలు గాజులా తేలిపోయి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నేను ఏమీ కలపక్కర్లేకపోయింది. క్యాన్సరే. వెంటనే గ్రంథి మొత్తం తీసేస్తే బతికే రకం. వదిలేస్తే మెల్లగా మెడంతా, తర్వాత ఊపిరితిత్తులు.

మొన్న ఏడో తేదీ శనివారం తెర మీద వేశాను. విందర్తిగారు గొంతు సవరించుకుని క్యాన్సర్ అంది. సుబియక్తో నవ్వాడు. "ఎవరు కోశారు? కుస్మినియేనా? అయితే ఇది ఎవరి క్యాన్సరో పాపం, ఆ తొట్టిలో ఈదుకుంటూ నా దగ్గరికి వచ్చింది" అన్నాడు. పెదవులు మాత్రం పాలిపోయి ఉన్నాయి. భయపడ్డాడు, ఆ భయానికి నా తొట్టి చాటు దొరికింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏమ్మా, తేలొచ్చిందే కదా?" అని అడిగాడు.

గది మొత్తం నా వైపు చూసింది. బ్లాకు మళ్ళీ కోద్దాం అన్న మాట నా నాలుక చివర ఉంది. పది నిమిషాల పని.

"చిత్తం డాక్టరుగారూ" అన్నాను.

బ్లాకు నా సొరుగులో ఉంది. ఎవరూ అడగలేదు. వాడు రోజూ నా కిటికీ ముందునుంచే కారు దగ్గరికి నడిచి వెళతాడు, నేను వాడి మెడ చూస్తూ ఉంటాను. ఇంత హాయిగా ఈ ఏడాదిలో ఎప్పుడూ నిద్రపోలేదు.

అక్క

*

కెబొన్‌దువుర్
22 ఫిబ్రవరి 1987

అక్కకి,

నీ ఉత్తరం వచ్చిందని పక్కింటికి కూడా చెప్పాను. చదవలేదులే, భయపడకు, వచ్చిందని మాత్రమే చెప్పాను.

భలే పని చేశావు! నువ్వు ఏదో ముక్క తొట్టిలో వేసే ఉంటావు, ఉత్తరం ఎవరైనా విప్పుతారని నీళ్ళు మార్చానని రాశావు, అంతేకదా? నాకు అర్థమైంది. రుమియాతికి అదే చెప్పాను. ఆమె నా చేతిలోంచి కాగితం లాక్కుని తనే చదువుకుంది. రెండుసార్లు చదివింది. "వదిన ఏమీ వెయ్యలేదు. నీకు అక్షరాలొచ్చుగానీ చదవడం రాదు" అంది.

తర్వాత ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, రాయమని పక్కనే కూర్చుంది. "వాడు ఏ రోగమో తెలియకుండా, ఎవరు చంపారో తెలియకుండా పోతే నాకేంటి లాభం? పెద్ద డాక్టరు పోయాడని ఊరంతా ఏడుస్తుంది, బడులకి సెలవిస్తారు. వాడికి తెలియాలి. నా నాలుగు గింజలూ వాడి కళ్ళతో వాడు చూడాలి. చూసి బతికి ఉండాలి. వదినకి చెప్పు, చచ్చినోడి మీద పగ ఎవడి మీద తీర్చుకోను?"

అక్కా, ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఈమె నోట్లోంచి ఇంత పొడుగు మాట వినలేదు. నాకు కాస్త భయమేసింది కూడా.

తుకిజాన్

*

సెమరంగ్
27 ఏప్రిల్ 1987

తమ్ముడికి,

రుమియాతి మాట మూడు రోజులు నమిలాను. నాకు రుచించలేదు. కానీ పోగొట్టుకున్నది ఆమె, కాబట్టి పగ కూడా ఆమెదే అనుకుని లేచాను.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం వాడి గదికి వెళ్ళాను. "డాక్టరుగారూ, ఆ రోజు నేను చిత్తం అన్నాను. అది అబద్ధం. నా గదికి రండి, తొట్టి మీరే కడగండి" అన్నాను. అరుస్తాడనుకున్నాను. లేచి వెనకాలే వచ్చాడు. అప్పటికే గొంతు బొంగురుపోయింది, నిద్రలేని మొహం. చొక్కా చేతులు మడిచి తొట్టి వాడే తోమాడు, నీళ్ళు వాడే పోశాడు. నేను వాడి బ్లాకు కోశాను. పొర తేలింది, వాడే పలక మీదికి ఎత్తాడు. రంగు వేసి చూపించాను. పలక అటూ ఇటూ జరిపి మళ్ళీ చూశాడు.

"నెల కావస్తోంది. అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"ఇంకొకటుంది, అది కూడా చూడండి" అన్నాను. అదే తొట్టి, వాడు కడిగిందే. మళ్ళీ వాడి చేతే తుడిపించి నీళ్ళు పోయించాను. రుమియాతి బ్లాకులు నాలుగూ వరుసగా కోశాను. నాలుగూ చూశాడు. గదులు లేవు, జిగురు లేదు, కిక్కిరిసిన చిన్న కణాలు. మొదటి ఏడాది విద్యార్థి కూడా గుర్తుపడతాడు.

"ఆమె పేరేమిటి?" అని అడిగాడు. నరాల పిచ్చి అన్నప్పుడు పేరు చూడలేదు కాబోలు. చెప్పాను. మర్నాడు నేను సంతకం పెట్టిన కాగితం నా బల్ల మీద ఉంది, నిలువునా చింపి. తాళం ఇక తాత్కాలికం కాదన్నారు. క్షమించమన్న మాట మాత్రం ఆ నోట రాలేదు.

ఇక్కడితో ఆగితే రుమియాతి కోరింది జరిగినట్టే. ఆగలేదు. ఇక్కడి నుంచి నువ్వొక్కడివే చదువు, ఆమెకి వినిపించకు.

మార్చి పన్నెండున ప్రియో వాడికి ఆపరేషన్ చేశాడు. వాడు నేర్పినట్టే చేశాడు, వెనకంతా శుభ్రంగా ఊడ్చేశాడు. గ్రంథి నా దగ్గరికి తడి గుడ్డలో వచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. తిప్పి చూశాను. నాలుగు గింజలు, పసుపూ గోధుమా కలిసిన రంగు, నాలుగూ ఉన్నాయి.

మెడ ఇంకా కుట్టలేదు. ఆపరేషన్ గది రెండు మెట్ల వరుసల పైన. పరిగెత్తి చెబితే ఆ గింజల్ని సన్నగా తరిగి వాడి మెడ కండలోనే పాతిపెట్టేవాళ్ళు, అవి అక్కడ మళ్ళీ బతుకుతాయి. ఆ సంగతి ఆ భవనంలో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. గ్రంథి రాగానే మందునీళ్ళు పోయడం నా పని. పోస్తే గింజలు చస్తాయి. సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రుమియాతి చేతులు గుర్తొచ్చాయి, ఆ గదిలో నవ్వులు గుర్తొచ్చాయి, నా సంతకం గుర్తొచ్చింది. పోశాను. నా పని నేను చేశాను, ఎవరూ తప్పు పట్టలేరు. సంతోషం వేసింది, తమ్ముడూ. ఒళ్ళంతా పాకింది.

ఇప్పుడు వాడి చేతులు పట్టేస్తున్నాయి. పుస్తకంలో రాసిన మోతాదు వేసుకుంటున్నాడు, అయినా కత్తి పట్టలేకపోతున్నాడు. నిన్న నా గుమ్మం దగ్గర నిలబడి, "కుస్మినిగారూ, మీ మరదలు ఏడాదిగా ఎలా నెట్టుకొస్తోంది? ఏ పూట ఎన్ని? కనుక్కుని చెబుతారా?" అన్నాడు. నన్ను గారూ అన్నాడు.

రుమియాతిని అడిగి రాయి.

అక్క

*

కెబొన్‌దువుర్
14 సెప్టెంబరు 1987

అక్కకి,

ఆలస్యమైంది. కోతలూ తరుగుడూ ముగిసేదాకా కాగితం ముట్టుకునే తీరిక లేదు. అదొక్కటే కారణం కాదు, ఏం రాయాలో కూడా తెలియలేదు.

వినిపించకు అన్న భాగం ఆమె చదివింది. నేను దాచాను, ఆమె వెతికి తీసింది. చదివి మడిచి ఉన్నచోటే పెట్టింది. డాక్టరు అడిగినదానికి మాత్రం, "ఇది ఉత్తరంలో చెప్పేది కాదు, ఆయన్నే రమ్మను. మన పొగాకు పని రోజుల్లో రమ్మను" అంది. చీటీ రాసి నేనే ఆయనకి పంపాను, నీకు చెప్పలేదు.

ఈ నెల మూడున వచ్చాడు. కారు వాగు దగ్గర ఆగిపోతే అక్కణ్ణించి నడిచి ఎక్కాడు. సగం మనిషయ్యాడు. నేను కత్తి పక్కన పెట్టలేదు, తరుగుతూనే ఉన్నాను. రుమియాతి పెరట్లో తడికల మీద తరిగిన పొగాకు పరుస్తోంది. తల ఎత్తి, "కూర్చోండి, పని అయ్యాక చెబుతాను" అని వాకిట్లో వెదురు బల్ల చూపించింది. పొద్దున తొమ్మిదికి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. టీ ఇచ్చింది, మర్యాద తక్కువ చెయ్యలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆయన చేతిలో టీ కప్పు కింద పడింది. చూస్తే రెండు చేతులూ పట్టేశాయి. నేను రుమియాతి చేతులు చూసినవాణ్ణి కదా, అవే చేతులు. దవడ బిగుసుకుపోయింది, మాట రావడంలేదు. పనివాళ్ళు మూగారు. "కొండ దేవుడు పట్టుకున్నాడు, మంత్రగాణ్ణి పిలవండి" అని ఒకరు, "పట్నం డాక్టరుకి పిచ్చి" అని ఒకరు. నవ్వారు కూడా. ఆయనకి అన్నీ వినపడుతున్నాయి అక్కా. కళ్ళు రుమియాతి మీదే ఉన్నాయి.

ఆమె చూసింది. ఇంకా సగం తడిక మిగిలి ఉంది. కూర్చుని ఆ వరుస చివరిదాకా పరిచింది. తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు, రోజూ ఎలా పరుస్తుందో అలాగే. నేను తరగడం ఆపేశాను. నీతో గొప్పలు పోయినవాణ్ణి, ఆ చెయ్యి నా పీట మీద పెడతానన్నవాణ్ణి, ఆ వరుస ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తూ ఉండిపోయాను. ఆయన కూడా మనిషే కదా అని పరిగెత్తాలనిపించింది. ఆమె మొహం చూసి ఆగాను.

వరుస పూర్తయింది. లేచి, చేతులు కడుక్కుని, మాత్రలు నలగ్గొట్టి నీళ్ళలో కలిపి, చెంచాతో పళ్ళ సందులోంచి పోసింది. వేళ్ళు విడిచేదాకా ఆ చేతులు తన చేతుల్లో పట్టుకుని కూర్చుంది. తర్వాత అంతా చెప్పింది. ఒకేసారి వేసుకోవద్దనీ, రోజుకి ఆరుసార్లుగా విడగొట్టి తిండితోనే వేసుకోవాలనీ, పై పెదవి చిమచిమలాడిందంటే ఎక్కడున్నా ఆగి అప్పుడే ఇంకొకటి మింగాలనీ. ఆయన చేత మళ్ళీ చెప్పించుకుంది, రెండుసార్లు తప్పాడు, మూడోసారి సరిగ్గా చెప్పాడు. వెళ్ళేముందు వంగి ఆమెకి చేతులు జోడించబోయాడు. ఆమె అప్పటికే ఇంకో తడిక దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆయన దిగిపోయాక నేనన్నాను, "పగ తీరింది కదా, ఇక అక్కకి ఏం రాయమంటావు?" అని.

"వదిన్ని రమ్మను. ఆ వరుస సగంలో లేవాలనిపించిందని చెప్పు. అయినా లేవలేదని చెప్పు. ఆవిడ కూడా సీసా పట్టుకుని అలాగే నిలబడి ఉంటుంది. ఇంకెవరితో చెప్పుకుంటాను నేను ఇది?" అంది.

పొద్దున్నే రెండు బస్సులున్నాయి. ఏ రోజు వస్తావో రాయి, వాగు దగ్గరికి వచ్చి ఉంటాను.

నీ తమ్ముడు
తుకిజాన్